నియమావళి గోడ మీదనా, కాటా మీదనా?

ప్రవర్తనా నియమావళి అనే పుస్తకం లేని పెద్ద వ్యాపార సంస్థ ఈ రోజుల్లో అరుదు. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలకు ఇది ఇష్టమైతే పెట్టుకొనేది కాదు. సెబీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం డైరెక్టర్లకూ, పై అధికారులకూ కంపెనీ ఒక నియమావళి రాసి పెట్టాలి. దాన్ని పాటించామని వారు ఏటా రాసి ఇవ్వాలి. విదేశాలకు మిరప, పసుపు పంపే ఎగుమతిదారులకు కూడా ఈ పుస్తకాలు కొత్త కావు. అక్కడి పెద్ద కొనుగోలుదారులు తమ నియమావళి మీద సంతకం అడిగిన తర్వాతనే ఆర్డరు మాట ఎత్తడం పరిపాటి అయింది. సంతకాలు పడుతున్నాయి, కాగితాలు ఫైళ్ళలో చేరుతున్నాయి. దీనివల్ల యార్డులో కాటా దగ్గర నిలబడినవాడికి ఒరిగిందేమిటంటే మాత్రం జవాబు చెప్పేవారు తక్కువ.

వర్తక వర్గాల్లో వయసు పైబడినవారు ఈ పుస్తకాలను చూసి నవ్వుకోవడం కద్దు. వ్యాపారం మాట మీద నడిచింది గాని కాగితం మీద కాదని వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. దలాలు నోటిమాటతో లారీల కొద్దీ సరుకు చేతులు మారింది. గడువు రోజున సొమ్ము ముట్టకపోతే ఆ కబురు సాయంత్రానికి బజారంతా పాకేది, మర్నాడు ఆ కొట్టుకు అరువు పుట్టేది కాదు. ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు ఒకే వీధిలో ఉండి, రోజూ ఎదురుపడుతూ, శుభకార్యాలకు ఒకరింటికొకరు వెళ్ళేవారు కావడంతో మాట తప్పినవాడికి తల దాచుకొనే చోటు ఉండేది కాదు. రాయని నియమావళి అది. శిక్ష కూడా అందులోనే ఇమిడి ఉన్నది.

అయితే ఆ నియమావళి ఎవరిని కాపాడిందన్నది కూడా చూడాలి. లిన్‌లిత్‌గో అధ్యక్షతన పనిచేసిన వ్యవసాయ రాయల్ కమిషన్ 1928లో ఇచ్చిన నివేదికలో ఆనాటి మార్కెట్ల తీరును దాచకుండా రాసింది. కాటాలు, రాళ్ళు రైతుకు ఎదురుతిరిగేవి. ధర్మాదాయం పేర కోత ఒక్క రైతు మీదనే పడేది. బేరం కుదరకపోయినా మచ్చు పేర తీసిన సరుకు తిరిగి వచ్చేది కాదు. ఇరుపక్షాల దలాలులు గుడ్డ చాటున వేళ్ళు పట్టుకొని ధర తేల్చుకొనేవారు. సరుకు యజమాని పక్కనే ఉండి కూడా తన సరుకు ఎంతకు పోయిందో తెలియనివాడుగా నిలబడేవాడు. దలాలుకు రైతుతో ఏడాదికి ఒకసారే పని, కొనేవారితో రోజూ పని. ఎటు మొగ్గుతాడో వేరే చెప్పనక్కరలేదు. వర్తకునికీ వర్తకునికీ మధ్య ప్రాణప్రదమైన మాట, బండి తోలుకొని వచ్చినవాడి దగ్గరకు వచ్చేసరికి వర్తించలేదు. 1930లో హైదరాబాదు రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం, 1933లో మద్రాసు రాష్ట్రంలో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చాయంటే కారణం ఇదే. వర్తకులు తమంతట తాము రాసుకోని నియమాన్ని సర్కారు రాసింది.

కాగితం మీద రాసుకొన్నంత మాత్రాన పని జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ 2000 జూలైలో సంచిక చేసిన నీతి నియమావళి 64 పేజీలది. ఛైర్మన్ కెనెత్ లే సంతకంతో ముందుమాట కూడా ఉన్నది. అంతకు ముందు సంవత్సరమే ఆ కంపెనీ బోర్డు తన ఆర్థిక వ్యవహారాల ముఖ్యాధికారి ఆండ్రూ ఫాస్టో సొంత భాగస్వామ్య సంస్థలు నడుపుకొంటూ వాటితో కంపెనీ చేత లావాదేవీలు చేయించడానికి వీలుగా నియమావళిని పక్కన పెట్టి అనుమతి ఇచ్చింది. 2001 డిసెంబరు 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. గుమాస్తాకు వర్తించే నియమం ఖజానా తాళాలు ఉన్నవాడికి వర్తించకపోతే ఆ పుస్తకం ఎన్ని పేజీలదైనా ఒకటే.

హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ సంగతి తెలుగు వర్తకులకు వేరే చెప్పనవసరం లేదు. 2008లో ఆ సంస్థ సుపరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకొన్నది. ఆ డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మైటాస్ కంపెనీలను కొనడానికి బోర్డు ఆమోదం తెలిపి, వాటాదారులు మండిపడడంతో కొన్ని గంటల్లోనే వెనక్కు తగ్గింది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటపడింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయనే రాశారు. ఆడిటర్లు, స్వతంత్ర డైరెక్టర్లు, నియమాలు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా బ్యాంకుకు వెళ్ళి డబ్బు ఉన్నదా అని అడిగి చూసుకొనేవాడు.

సరుకుల వ్యాపారానికి మరీ దగ్గరైన ఉదాహరణ నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజిది. దీన్ని కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే ఇందులో ఇరుక్కొన్నవారిలో బ్రోకర్ల మాట నమ్మి వచ్చినవారే ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2007 జూన్ 5న ఈ ఎక్స్ఛేంజికి ఒక్కరోజు ముందస్తు కాంట్రాక్టుల విషయంలో 1952 చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. షరతులు స్పష్టంగానే ఉన్నాయి. చేతిలో సరుకు లేకుండా అమ్మరాదు. రోజు ముగిసేసరికి మిగిలిన బేరాలన్నీ సరుకు అప్పగింతతో తీరాలి. ఆచరణలో జరిగింది వేరు. రెండు రోజుల్లో అప్పగించే కాంట్రాక్టు ఒకటి, పాతిక రోజులకు అప్పగించే కాంట్రాక్టు ఇంకొకటి జంటగా కట్టి అమ్మారు. పెట్టుబడి పెట్టినవాడు మొదటిదానిలో కొంటాడు, రెండవదానిలో అమ్ముతాడు, మధ్య తేడా అతని లాభం. ఎప్పుడూ సరుకు ముఖం చూడనివారికి ఇది బ్యాంకు వడ్డీని మించిన రాబడిగా కనిపించింది, బ్రోకర్లు కూడా అలాగే చెప్పి అమ్మారు. చట్టం ప్రకారం రెడీ డెలివరీకి గడువు 11 రోజులు. పాతిక రోజుల కాంట్రాక్టు రెడీ బేరం ఎలా అవుతుందన్న సందేహం ఏ కొట్టు గుమాస్తాకైనా రావలసినదే.

2012 ఏప్రిల్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సంజాయిషీ నోటీసు ఇచ్చింది. 2013 జూలై 31న ఎక్స్ఛేంజి లావాదేవీలు నిలిపివేసింది. అప్పటికి సుమారు 13,000 మందికి చెల్లించవలసిన సొమ్ము సుమారు 5,600 కోట్ల రూపాయలు. గోదాముల్లో ఉండవలసిన సరుకు కోసం వెళ్ళి చూస్తే కాగితాల్లో చూపినంత సరుకు కనిపించలేదు. అదే సంవత్సరం డిసెంబరులో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ ఎక్స్ఛేంజి మాతృసంస్థను ఆ వ్యాపారానికి తగినది కాదని ప్రకటించింది. 2015 సెప్టెంబరు 28న ఆ కమిషనే సెబీలో కలిసిపోయింది.

నోటీసుకూ మూసివేతకూ మధ్య పదిహేను నెలలు గడిచాయి. ఈ పదిహేను నెలల్లో ఖాతాదారుకు కాంట్రాక్టు నోటు పంపిన ప్రతి బ్రోకరు సంస్థా, గోదాముకు ఒక మనిషిని పంపి బస్తాలు లెక్కపెట్టించి ఉండవచ్చు. ఆ ఖర్చు ఒక నెల కమిషన్‌లో ఎన్నో వంతు కూడా కాదు. స్టాక్ బ్రోకర్లకు 1992 నుంచి సెబీ నిబంధనల అనుబంధంలోనే ప్రవర్తనా నియమావళి ఉన్నది. సరుకుల బ్రోకర్లు అప్పటికి దాని కిందకు రాకపోయినా, ఆ రెండు వ్యాపారాలూ ఒకే మేడ మీద పక్క పక్క గదుల్లో నడిపిన సంస్థలు తక్కువేమీ కాదు. ఒక గదిలో ఖాతాదారు మేలు ముందు అని రాసుకొని, రెండవ గదిలో అది వర్తించదనుకోవడం చట్టానికి సరిపోవచ్చు. సొమ్ము పోగొట్టుకొన్నవాడికి ఆ తేడా అర్థం కాలేదు.

ఇక నియమావళి పనిచేసిన చోటు. లివర్‌పూల్‌లో పత్తి బ్రోకర్లు 1841లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఇప్పుడు దాని పేరు ఇంటర్నేషనల్ కాటన్ అసోసియేషన్. ప్రపంచంలో దేశాల మధ్య నడిచే పత్తి వ్యాపారంలో అధిక భాగం ఈ సంఘం నియమాల మీదనే నడుస్తుంది. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు ప్రాంతాల జిన్నింగ్ మిల్లుల పత్తి దేశం దాటినప్పుడు కాంట్రాక్టు అడుగున ఉండేది తరచు ఈ నియమాల పేరే. వాటిలో నీతి అనే మాట కనిపించేది తక్కువ, చేయవలసిన పని ఎక్కువ. అన్నిటికన్న గట్టి నియమం ఒకటున్నది. కాంట్రాక్టు అమలు కాకపోతే అది రద్దయినట్లు కాదు. ఆనాటి మార్కెట్ ధరకు లెక్కకట్టి, తేడా ఎవరికి రావలసి ఉంటే వారికి చెల్లించి ముగించాలి. ధర పెరిగిందని అమ్మినవాడు, తగ్గిందని కొన్నవాడు తప్పుకొనే దారి దీనితో మూసుకొన్నట్లే. వివాదం వస్తే కోర్టుకు పోకుండా సంఘం మధ్యవర్తుల ముందుకు పోవాలి. వారి తీర్పు చెల్లించనివాడి పేరు సంఘం జాబితాకు ఎక్కుతుంది. ఆ పేరుగలవాడితో సభ్యులు వ్యాపారం చేయరాదు. చేస్తే వారి మీదనే చర్య.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష 2011లో వచ్చింది. ఆ మార్చిలో న్యూయార్కు వాయిదా మార్కెట్లో పౌను పత్తి రెండు డాలర్లు దాటింది. సంవత్సరాంతానికి డాలరు దిగువకు పడిపోయింది. శిఖరం దగ్గర కొన్న మిల్లులు అనేక దేశాల్లో సరుకు వద్దన్నాయి, మధ్యవర్తిత్వపు కేసులు వెల్లువెత్తాయి, జాబితా పొడవు పెరిగింది. భారత ఎగుమతిదారుల ఇబ్బంది వేరే రకంది. 2012 మార్చిలో కేంద్రం ఉన్నట్లుండి పత్తి ఎగుమతులు నిషేధించి, కొద్ది రోజులకే సడలించింది. ఢిల్లీలో వెలువడిన ఉత్తర్వుకు వ్యాపారి బాధ్యుడు ఎలా అవుతాడన్న వాదన సబబే. అయినప్పటికీ ధర తేడా కట్టవలసి వస్తుందని తెలిసి సంతకం చేసినవారు, ఆ తర్వాత ఎగుమతి కాంట్రాక్టు రాసేటప్పుడు మరింత ఆచితూచి రాశారు. ఈ జాబితాకు పోలీసు లేడు, జైలు లేదు. కాని పేరు ఎక్కినవాడికి పాత చిరునామాతో అమ్మేవాడు దొరకడం కష్టం. వెనుకటి బజారులో సాయంత్రానికి పాకిన కబురే ఇక్కడ సముద్రాలు దాటి పనిచేస్తున్నది. కొత్త పేరుతో కొత్త కంపెనీ పెట్టి తిరిగి వచ్చేవారు ఉండనే ఉంటారు. వారిని పట్టుకోవడం ఆ సంఘానికీ నేటి వరకు తలనొప్పే.

తాము రాసుకోకపోతే కొనేవాడు రాసి పంపుతాడన్న దానికి గుంటూరు అనుభవమే సాక్ష్యం. 2003లో భారతదేశం నుంచి వెళ్ళిన మిరప సరుకులో సుడాన్ అనే రంగు ఉన్నదని ఫ్రాన్స్ కనిపెట్టింది. అది తినే వస్తువుల్లో వాడకూడని, పరిశ్రమల్లో వాడే రంగు. నెల తిరగ్గానే యూరప్ దేశాలు పరీక్షా పత్రం లేని మిరపను రేవు దాటనివ్వమన్నాయి. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన మిరపపొడిలో ఇదే రంగు కనిపించడంతో వందలాది రకాల ఆహార పదార్థాలను దుకాణాల అరల నుంచి దించివేశారు. స్పైసెస్ బోర్డు ఎగుమతి సరుకుకు తప్పనిసరి పరీక్ష పెట్టింది. రంగు కలిపినవారు కొందరే. పరీక్ష ఖర్చు, రేవులో నిలిచిన రోజుల అద్దె, ఆర్డరు ఆలస్యం మాత్రం అందరి నెత్తినా పడ్డాయి. రంగు కలిపే వాడెవడో వర్తకులకు తెలియదనుకోవాలా? మిరపపొడి ధర కాయ ధరకు పొత్తు కుదరకుండా తక్కువగా పలికినప్పుడు సంగతేమిటో కాయ కొనేవాడికి తెలియకుండా ఉండదు.

ఇప్పుడు యార్డుల సంగతికి వస్తే, 1928 నాటి నివేదికలోని మాటలు కొన్ని నేటికీ పూర్తిగా పాతబడలేదు. గుడ్డ చాటు బేరం పోయింది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైనప్పుడు నిజామాబాద్ తొలి యార్డుల్లో ఒకటి. ధర ఇప్పుడు తెర మీద కనిపిస్తుంది. కాటాలు ఎలక్ట్రానిక్‌వి వచ్చాయి. కాని మచ్చు కింద తీసిన కాయలు, తేమ పేర, తాలు పేర కోసే తరుగు, వెంటనే నగదు కావాలంటే నూటికి ఇంత అని తీసే కోత, తక్‌పట్టీకి బదులు తెల్లచీటీ మీద రాసి ఇచ్చే లెక్క అక్కడక్కడ వినవస్తూనే ఉన్నాయి. బిల్లు లేని జీరో వ్యాపారం మాట సరేసరి.

నిజాయితీపరుడైన వర్తకుడు తన ఒక్క కొట్టుకు నియమం పెట్టుకొంటే సరిపోదా అని అడిగేవారున్నారు. సరిపోదు, లెక్క చూస్తే తెలుస్తుంది. ఉదాహరణకు క్వింటాలు 12,000 రూపాయల సరుకు అనుకొందాం. తూకం ఉన్నదున్నట్లు చూసే వ్యాపారి 12,000 పాడతాడు, నూరు కిలోలకు 12,000 చెల్లిస్తాడు. పక్కనున్నవాడు 12,100 పాడి, కాటా దగ్గర క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీస్తాడు. అతడు చెల్లించేది 11,858. వేలంలో గెలిచినవాడు అతడే, పెద్ద ధర ఇచ్చాడన్న పేరూ అతనిదే, 142 రూపాయల మిగులూ అతనిదే. రైతు కూడా ఊళ్ళో చెప్పుకొనేది 12,100 అనే. మొదటి వ్యాపారి రెండు సీజన్లు ఓర్చుకొంటాడు, మూడవ సీజన్‌కు తానూ తరుగు నేర్చుకొంటాడు, లేదా కొట్టు ఎత్తేస్తాడు. నీతి గల వ్యాపారులు లేక యార్డులు ఇలా ఉన్నాయన్నది తప్పు. వారిని గెలవనివ్వని లెక్క ఒకటి నడుస్తున్నది. అది మారాలంటే యార్డులో పాడే ప్రతివాడికీ ఒకే తూకం, ఒకే తరుగు ఉండాలి. ఆ పని ఒక కొట్టు చేయలేదు, సంఘం చేయగలదు.

సంఘాలు రాసుకొనే నియమావళి నాలుగు పేజీలు మించనక్కరలేదు. మచ్చు ఎన్ని గ్రాములు, బేరం కుదరకపోతే ఎవరు తిరిగి బస్తాలో వేయాలి. తేమ ఏ మీటరుతో చూడాలి, ఆ మీటరును ఎవరు సరిచూస్తారు. వేలం తర్వాత ధర తగ్గించమని అడగడానికి ఏ కారణాలు చెల్లుతాయి, ఏవి చెల్లవు. సొమ్ము ఏ రోజుకు. అడ్తిదారు తన కుటుంబ సభ్యుల పేర ఉన్న కొనుగోలు సంస్థకు తన రైతు సరుకే అమ్మితే ఆ సంగతి చీటీ మీద రాయాలా వద్దా. కోల్డ్ స్టోరేజీలో ఒకరి సరుకు మీద బ్యాంకు అప్పు తెచ్చేటప్పుడు ఆ బస్తాలను లెక్కపెట్టేవాడు ఎవరి జీతగాడు. ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకొంటే, న్యాయంగా వ్యవహరించాలి అనే వాక్యం రాయనక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. సంఘం కూర్చొని వేలంలో ఇంత మించి పాడవద్దని అనుకోవడం నియమావళి కిందకు రాదు. దానికి రింగు అని పేరు. 2002 పోటీ చట్టం దాన్ని నేరుగా నిషేధించింది. తూకం, నాణ్యత, చెల్లింపు గురించి రాసుకోవచ్చు. ధర జోలికి పోరాదు. సంఘం పేర జరిగే సమావేశాల్లో ఈ రెండూ కలగలిసిపోవడం సులభం గనుక ఈ మాట.

గుమాస్తా సంగతి కూడా ఉన్నది. తెల్లచీటీ రాసేది అతని చెయ్యి. రాయించేది యజమాని నోరు. నమోదైన కంపెనీల్లో తప్పు చూసిన ఉద్యోగి ఫిర్యాదు చేసుకోవడానికి 2013 కంపెనీల చట్టం ఒక మార్గం పెట్టమన్నది. అడ్తి కొట్టులో ఆడిట్ కమిటీ ఉండదు. ఉద్యోగం పోతే పక్క కొట్టులో దొరకదు, ఎందుకంటే ఇద్దరు యజమానులూ ఒకే సంఘంలో సభ్యులు. కనుక సంఘం తన నియమావళిలో గుమాస్తాను, దడవాయిని, హమాలీని తప్పు మోసేవారుగా చూపిస్తే అది చదవడానికి కూడా పనికిరాదు. తరుగు ఎవరి ఖాతాలో జమ పడిందో, జరిమానా ఆ ఖాతా మీదనే పడాలి.

లివర్‌పూల్ పద్ధతిలో జాబితా పెడితే యార్డు కార్యాలయం బోర్డు మీద దాన్ని అంటించడం పెద్ద పనేమీ కాదు. గడువు దాటినా రైతుకు చెల్లించనివారి పేర్లు, మధ్యవర్తుల తీర్పు అమలు చేయనివారి పేర్లు, తేదీతో సహా. వారి దగ్గర సరుకు కొనే, అమ్మే సభ్యుడికి కూడా జరిమానా. కార్యవర్గ సభ్యులకు ఇందులో మినహాయింపు లేదని మొదటి పేజీలోనే రాయాలి. చాలా సంఘాల్లో సర్వసభ్య సమావేశం ఈ వాక్యం దగ్గరనే ఆగిపోవచ్చు. ఆగితే అది కూడా సభ్యులకు తెలియవలసిన సంగతే, మినిట్స్‌లో ఎవరు అభ్యంతరం చెప్పారో రాసి పెట్టాలి.

గుంటూరుకు కొత్త మిరప రాక జనవరి దాటాక పుంజుకొంటుంది, నిజామాబాద్‌కు పసుపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది, వరంగల్‌కు పత్తి దసరా దీపావళి రోజుల నుంచే దిగుతుంది. ఇలాంటివి రాసుకోవడానికి శ్రావణ భాద్రపదాలు అనువైన కాలం. బస్తాలు దిగడం మొదలైన తర్వాత సమావేశానికి కోరం కూడా దొరకదు.